రోడ్డు వల్ల నష్టం ఏ దశలో ఖాయమవుతుంది?

కొత్త రోడ్డు మాట రాగానే జనం రెండు వర్గాలవుతారు. అభివృద్ధి కావాలనేవాళ్లు ఒకవైపు, చెట్లూ పొలాలూ పోతాయనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ రోడ్డు కావాలా వద్దా అన్నచోటే ఆగిపోతారు. కానీ ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు రోడ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి వానాకాలంలో ఊళ్లను ముంచుతుంది, రెండోది ముంచదు. మ్యాపు మీద రోడ్డు గీత ఎక్కడ గీశారు, తూములు ఎన్ని పెట్టారు, మట్టి ఎక్కణ్నుంచి తవ్వారు, ఏ పని టెండర్లో రాశారు, ఏది రాయలేదు అనే చిన్నచిన్న నిర్ణయాల దగ్గరే ఈ తేడా పుడుతుంది. వీటిలో చాలావరకు జనం చెవిన పడేలోపే అయిపోతాయి.

రోడ్డు పని మామూలుగా ఒక వరుసలో నడుస్తుంది. అవసరం గుర్తించడం, ప్రాథమిక సర్వే, అలైన్‌మెంట్ (రోడ్డు పోయే దారి) ఎంపిక, డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక), పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ, భూసేకరణ, టెండర్, నిర్మాణం, ఆ తర్వాత నిర్వహణ. మొదటి మూడు దశల్లో మార్పు అంటే మ్యాపు మీద గీతను జరపడమే. డీపీఆర్ తయారయ్యాక మార్పు అంటే వంతెనలు, కల్వర్టులు, కొలతలు అన్నీ తిరగరాయాలి. భూసేకరణ మొదలయ్యాక మార్పు అంటే కోర్టు మెట్లెక్కడమే. ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం ఆరో మెట్టు మీద ఉంటుంది. ఆ సభలో కూర్చున్న అధికారి అభ్యంతరాలు రాసుకోగలడు, గీత జరపలేడు. సభలు రసాభాస కావడానికి సగం కారణం ఇదే.

ఈ రంగంలో అందరూ ఒప్పుకునే ఒక క్రమం ఉంది. ముందు నష్టాన్ని తప్పించాలి. తప్పించలేనిదాన్ని తగ్గించాలి. జరిగినదాన్ని బాగుచేయాలి. అప్పటికీ మిగిలినదానికి మాత్రమే మరోచోట బదులు ఇవ్వాలి. ఆచరణలో ఇది తలకిందులవుతుంది. సభలో మొట్టమొదట వినిపించే హామీ మొక్కలు నాటుతామనే, అంటే చివరి మెట్టు. మొదటి మెట్టు ఎక్కారా అని అడిగేవాళ్లే తక్కువ.

గీత గీయకముందు

ఉన్న రోడ్డుతో పని జరుగుతుందా అన్నది మొదటి ప్రశ్న. నివేదికల్లో 'ఏమీ కట్టకపోతే' అనే ప్రత్యామ్నాయం ఒక పేరా రాసి వదిలేస్తారు. అక్కడ ఉండాల్సింది మరొకటి: ఉన్న రోడ్డు కూడళ్లు సరిచేసి, గుంతలు పూడ్చి, సైడు కాల్వలు తీసి, ఇరుకు వంతెన ఒక్కటి వెడల్పు చేస్తే ప్రయాణ సమయం ఎంత తగ్గుతుంది? చాలా మార్గాల్లో అసలు ఆలస్యం జరిగేది రెండు మూడు చోట్లే.

నగరాల్లో రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందన్న నమ్మకాన్నీ పరీక్షకు పెట్టాలి. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే విస్తరణ 2008 నాటికి పూర్తయింది. పక్క రోడ్లతో కలిపి లెక్కిస్తే కొన్నిచోట్ల 26 వరుసలు. 2011 నుంచి 2014 మధ్య అదే దారిలో ఉదయం రద్దీ వేళ ప్రయాణ సమయం 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. గైల్స్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి, వరుసల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోందని చూపించారు. ఇందులో మాయ ఏమీ లేదు. రద్దీకి జడిసి వేళ మార్చుకున్నవాళ్లు దారి ఖాళీగా ఉందని తిరిగి రద్దీ వేళకే వస్తారు, బస్సెక్కేవాళ్లు కారు తీస్తారు, ఇళ్లు ఇంకా దూరానికి జరుగుతాయి.

ఈ సూత్రాన్ని అసలు దారే లేని ఊరికి అంటగట్టడం మాత్రం పొరపాటు. వానాకాలంలో అంబులెన్సు రాలేని పల్లెకు కావాల్సింది అన్ని కాలాల్లోనూ తెగని ఒక వరుస రోడ్డు. దాని అవసరం మీద చర్చ అక్కర్లేదు. చర్చంతా ఆ రోడ్డు ఎటు పోవాలన్నదాని మీదే.

ఎటు పోతుందన్నది ఎంత ముఖ్యమో అమెజాన్ అడవి చెబుతుంది. బ్రెజిల్‌లో అడవి నరికివేతలో దాదాపు 95 శాతం రోడ్డుకు 5.5 కిలోమీటర్ల లోపు గానీ, పడవలు తిరిగే నదికి ఒక కిలోమీటరు లోపు గానీ జరిగిందని 2014లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ప్రతి కిలోమీటరు అధికారిక రోడ్డుకు దాదాపు 3 కిలోమీటర్ల అనధికార బాటలు చీలాయి. రోడ్డు కోసం కొట్టిన చెట్ల లెక్కకూ, రోడ్డు వచ్చాక పోయే అడవి లెక్కకూ పొంతన ఉండదు. అంచనా నివేదికలో మొదటి లెక్క ఉంటుంది, రెండోది సాధారణంగా ఉండదు. కాబట్టి దట్టమైన అడవికి సంబంధించినంతవరకు నా లెక్క ఒక్కటే: లోపలి నుంచి వెళ్లే సన్నని రోడ్డు కన్నా అంచు చుట్టూ తిరిగే పొడవాటి రోడ్డు నయం, ఖర్చు ఎక్కువైనా సరే.

'వంపు తిప్పడం సాంకేతికంగా కుదరదు' అనే జవాబు తరచూ వినిపిస్తుంది. దాని వెనక ఉన్న లెక్క చిన్నదే. వంపు కనీస వ్యాసార్థం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని వర్గం చేసి, దాన్ని 127తోనూ, వంపులో బయటివైపు ఇచ్చే ఎత్తు, టైరు పట్టుల మొత్తంతోనూ భాగించాలి. ఎత్తు 0.07 (మీటరు వెడల్పుకు 7 సెంటీమీటర్లు), పట్టు 0.15 అనుకుంటే 100 కిలోమీటర్ల వేగానికి సుమారు 360 మీటర్ల వ్యాసార్థం కావాలి. 60కి 130 మీటర్లు, 40కి 60 మీటర్ల లోపే చాలు. అంటే రోడ్డు మొత్తానికి 100 అని రాసుకుంటే చెరువునూ, శ్మశానాన్నీ, పాత మర్రినీ తప్పించే వీలు పోతుంది. సున్నితమైన ఆ రెండు కిలోమీటర్ల మేర డిజైన్ వేగం 60కి దించితే వీలు తిరిగి వస్తుంది. అక్కడ పెరిగే ప్రయాణ సమయం 48 సెకన్లు. కుదరదన్నప్పుడు ఏ వేగానికి కుదరదో అడగాలి. వేగం తగ్గే చోట ముందు నుంచే వంపులు క్రమంగా బిగుతు కావాలి, హెచ్చరికలు ఉండాలి. తిన్నగా వస్తూ ఒక్కసారిగా చిన్న వంపు తగిలితే బళ్లు పల్టీ కొడతాయి.

కొండల్లో వేగం కన్నా వెడల్పు పెద్ద విషయం. 45 డిగ్రీల వాలున్న కొండను తొలిచి పూర్తి వెడల్పు బాట తీస్తే, గోడ నిట్టనిలువుగా నిలుస్తుందనుకున్నా, తవ్వే అడ్డకోత వెడల్పు వర్గంలో సగం. 5.5 మీటర్లకు 15 చదరపు మీటర్లు, 10 మీటర్లకు 50. వెడల్పు రెండింతలు కూడా కాలేదు, తవ్వకం మూడింతలు దాటింది. కిలోమీటరుకు 15 వేల ఘనపు మీటర్ల బదులు 50 వేలు. గోడ నిలవాలంటే వాలు ఇవ్వాలి కాబట్టి నిజంగా తవ్వేది ఇంకా ఎక్కువ. ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రోడ్ల వివాదం సరిగ్గా ఈ రెండు అంకెల మధ్యే నడిచింది. సుప్రీంకోర్టు 2020లో 5.5 మీటర్లకే పరిమితం కావాలంది. రక్షణ అవసరాల దృష్ట్యా 2021 డిసెంబరులో 10 మీటర్లకు ఒప్పుకుంది. ఏ వెడల్పు తీసుకున్నా తవ్విన రాయి ఎక్కడ పోస్తారన్నది మిగిలే ఉంటుంది. డంపింగ్ స్థలాలు ముందే చూపించి, గోడ కట్టి, రవాణాకు డబ్బు ఇవ్వకపోతే ఆ రాళ్లన్నీ లోయలోకే దొర్లుతాయి. కింద వాగు గర్భం పైకి లేస్తుంది, తర్వాతి వరద గట్లు దాటుతుంది.

నీరు

నా దృష్టిలో రోడ్ల వల్ల జరిగే నష్టాల్లో అతి మామూలుదీ, అతి తేలిగ్గా తప్పించగలిగిందీ నీటికి అడ్డం పడటమే. పల్లపు భూమిలో రెండు మీటర్ల ఎత్తు కట్ట మీద రోడ్డు వేస్తే అది కిలోమీటర్ల పొడవు ఆనకట్ట. ఎగువ పొలాల్లో నీరు నిలుస్తుంది, దిగువ చెరువుకు రావాల్సిన నీరు రాదు. రెండు వైపులా రైతులు నష్టపోతారు, ఒకరినొకరు తిట్టుకుంటారు.

తూము సైజు ఎలా తేలుస్తారో ఒక ఉదాహరణ చూద్దాం. వాగు పరీవాహకం 2 చదరపు కిలోమీటర్లు. డిజైన్ వాన గంటకు 60 మిల్లీమీటర్లు. పడిన నీటిలో 40 శాతం పారుతుందనుకుందాం. యూనిట్లు మార్చే అంకె 0.278ను 0.4తో, 60తో, 2తో గుణిస్తే సెకనుకు 13.3 ఘనపు మీటర్లు. ఇప్పుడు 1.2 మీటర్ల వ్యాసం గొట్టం అడ్డకోత 1.13 చదరపు మీటర్లు. నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతే ఒక గొట్టం 2.3 ఘనపు మీటర్లు లాగుతుంది. ఆరు గొట్టాలు కావాలి. లేదా 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న బాక్స్ కల్వర్టు ఒకటి చాలు. ఖర్చు చూసి గొట్టాల వైపు మొగ్గుతారు గానీ, వరదలో కొట్టుకొచ్చే కొమ్మలూ గడ్డీ గొట్టాల మధ్య గోడలకు తట్టుకుని నిలిచిపోతాయి. రెండు గొట్టాలు పూడితే మూడో వంతు సామర్థ్యం పోయినట్టే. వాగు ఉన్నచోట వెడల్పయిన ఒకే ద్వారం పెట్టడం మంచిది.

ఈ లెక్కలో తప్పులు మూడు చోట్ల దొర్లుతాయి. మొదటిది ఆ 40 శాతం. ఎగువన రేపు కాలనీలు వస్తే, పైకప్పులూ సిమెంటు రోడ్లూ పరిచాక అది 70 శాతమవుతుంది. అదే వానకు ప్రవాహం 13.3 నుంచి 23.4కు పెరుగుతుంది. రోడ్డే ఆ కాలనీలను పిలుస్తుంది కాబట్టి ఇది ఊహించలేని సంగతేమీ కాదు. రెండోది వరద ఆవృత్తి. '25 ఏళ్ల వరద'కు కట్టారంటే పాతికేళ్లకోసారి వస్తుందని జనం అనుకుంటారు. ఏ ఏడాదైనా రావడానికి 4 శాతం అవకాశం ఉందనే దాని అర్థం. 25 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా దాన్ని మించడానికి అవకాశం 64 శాతం. 50 ఏళ్ల వరదకు కట్టినా అదే కాలంలో 40 శాతం. ఆసుపత్రికి వెళ్లే ఏకైక దారికి ఇది ఒప్పుకోదగ్గదేనా అన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చాల్సిన ప్రశ్న కాదు.

మూడోది కనపడని నీరు. మ్యాపులో నీలి గీత ఉన్నచోట తూము పెడతారు. చదునైన నేలలో వరద గీతల వెంట పోదు, పొలాల మీదుగా పలచని పొరలా పారుతుంది. అలాంటిచోట వాగు దగ్గర పెద్ద వంతెన ఒక్కటి కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. ప్రతి కొన్ని వందల మీటర్లకు సమతల తూములు, అంటే రోడ్డుకు రెండు వైపులా నీటి మట్టాన్ని సమానం చేసేవి, ఉండాలి. ఎక్కడెక్కడన్నది డ్రోన్ సర్వే కన్నా ఆ పొలాల రైతులకే బాగా తెలుసు. సర్వే బృందం చేయాల్సిన పని సులువే: రోడ్డు గీత వెంట నడుస్తూ, పెద్ద వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో గోడల మీద, చెట్ల మీద చూపించమని అడిగి, ఆ ఎత్తులను లెవల్ మిషన్‌తో కొలిచి డ్రాయింగులో ఎక్కించడం. రెండు మూడు రోజుల్లో అయ్యే ఈ పని జరగని చోటే తర్వాత జనం రోడ్డుకు గండి కొడతారు.

కట్టడంలో జరిగే తప్పు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. తూము అడుగు దిగువ వాగు మట్టం కన్నా పైకి ఉంటే బయటికి వచ్చే నీరు జలపాతంలా దూకుతుంది. కింద గొయ్యి పడుతుంది, ఏటేటా లోతవుతుంది, చివరికి తూము చివర విరిగి పడుతుంది. ఈలోపు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదే చేపలకు దారి మూసుకుపోతుంది. గొట్టాన్ని దాని వ్యాసంలో కనీసం ఐదో వంతు వాగు అడుగులోకి దించి, లోపల సహజంగా ఇసుక, గులకరాళ్లు పేరుకోనిస్తే రెండు సమస్యలూ పోతాయి. పూడే భాగాన్ని ముందే లెక్కలో తీసేసి పెద్ద గొట్టం వేయాలి.

రోడ్డు మీద నుంచి జారే నీరు కూడా శుభ్రమైనదేమీ కాదు. 10 మీటర్ల వెడల్పు రోడ్డు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే కిలోమీటరుకు 100 ఘనపు మీటర్ల నీరు. అందులో నూనె, లోహపు పొడి, టైర్ల అరుగుదల కలిసి ఉంటాయి. అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలు వాన పడగానే ఎందుకు చస్తున్నాయో చాలాకాలం అంతుబట్టలేదు. టైరు పాడవకుండా కలిపే రసాయనం ఓజోన్‌తో కలిసి మారిన పదార్థమే కారణమని 2020లో బయటపడింది. ఆ నీరు ఇసుక, ఎరువు కలిపిన మట్టి పొర గుండా ఇంకితే విషం చాలావరకు అక్కడే ఆగిపోతుందని కూడా తేలింది. అంటే చెరువు దగ్గర సైడు కాల్వను సిమెంటుతో కట్టి నేరుగా నీళ్లలోకి వదలడం కన్నా, గడ్డి పెరిగిన వెడల్పాటి మట్టి కాల్వ మేలు. ఖర్చు కూడా తక్కువే. అయినా సిమెంటు కాల్వకే ఓటేస్తారు, ఎందుకంటే బిల్లు పెట్టేటప్పుడు కొలవడం సులువు.

మట్టి ఎక్కడిది?

పైన 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, ఒకటికి రెండు వాలు (మీటరు ఎత్తుకు పక్కకు రెండు మీటర్లు) ఉన్న కట్ట తీసుకోండి. అడుగు వెడల్పు 18 మీటర్లు, అడ్డకోత 28 చదరపు మీటర్లు. కిలోమీటరుకు 28 వేల ఘనపు మీటర్ల గట్టిపరచిన మట్టి. తవ్వినప్పుడు దానికన్నా 15 శాతం ఎక్కువ కావాలనుకుంటే 32 వేలు. ఒకటిన్నర మీటర్ల లోతున తవ్వితే కిలోమీటరు రోడ్డుకు రెండు హెక్టార్లకు పైగా నేల గుంతవుతుంది. తవ్వాక మట్టి ఉబ్బుతుంది కాబట్టి 14 ఘనపు మీటర్ల టిప్పర్లు దాదాపు 2,900 సార్లు తిరగాలి. అది కూడా ఊరి లోపలి రోడ్ల మీద.

ఈ లెక్క పర్యావరణ నివేదికలో ఒక్క లైనులో ఉంటుంది: 'ఆమోదిత ప్రదేశాల నుంచి సేకరిస్తారు'. ఏ సర్వే నంబరు, ఎంత లోతు, ఏ దారి, తర్వాత ఆ గుంత ఏమవుతుందన్నది కాంట్రాక్టరుకే వదిలేస్తారు. కాంట్రాక్టరు దగ్గర్లో ఏది చవకగా దొరికితే అది తవ్వుతాడు. నిలువు గోడలతో వదిలేసిన గుంతలో వానాకాలంలో పిల్లలు, పశువులు మునిగిపోవడం కొత్త సంగతి కాదు. పద్ధతి ప్రకారమైతే ముందు పైనున్న 15 నుంచి 30 సెంటీమీటర్ల సారవంతమైన మట్టిని విడిగా తీసి, రెండు మీటర్లకు మించని కుప్పలుగా దాచాలి. ఎక్కువ ఎత్తు పోస్తే అడుగున గాలి ఆడక అందులోని జీవం చస్తుంది. పని అయ్యాక గుంత ఒడ్డు వాలుగా కోసి, దాచిన మట్టి పరిచి ఇవ్వాలి. పూడిపోయిన చెరువు నుంచి పూడిక తీసి కట్టకు వాడే మార్గం కూడా ఉంది గానీ, నల్ల బంకమట్టి ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. పరీక్ష చేయకుండా కట్టలో పోస్తే పైనున్న తారు పొర పగిలిపోతుంది. పొలాలకు వేయడానికి అది బంగారం, కట్టకు కాదు.

జంతువులు

ఇక్కడ ఏది పనిచేస్తుందో చాలావరకు తెలిసిపోయింది. కెనడాలోని బాన్ఫ్ జాతీయ పార్కులో ట్రాన్స్-కెనడా హైవే మీద 6 పైవంతెనలు, 38 అండర్‌పాస్‌లు కట్టి, రెండు వైపులా 2.4 మీటర్ల కంచె వేశారు. జంతువులను వాహనాలు ఢీకొట్టడం 80 శాతానికి పైగా తగ్గింది. అక్కడే తెలిసిన ఇంకో సంగతి, అన్ని జంతువులకూ ఒకే ద్వారం నచ్చదు. గ్రిజ్లీ ఎలుగులు, దుప్పులు విశాలమైన వంతెనల మీదుగా వెళ్తాయి. నల్ల ఎలుగులు, కౌగర్లు (పెద్ద అడవి పిల్లులు) ఇరుకైన చీకటి దారులే ఇష్టపడతాయి. పైగా అలవాటు పడటానికి ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది కెమెరాలు చూసి దండగ ఖర్చు అని తేల్చేయడం తొందరపాటు.

మన దేశంలో జాతీయ రహదారి 44 మీద పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 9 నిర్మాణాలు వచ్చాయి. వాటి వెడల్పు 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాకా ఉంది. పులులు వాటి కింద నుంచి నడిచి వెళ్తున్న కెమెరా చిత్రాలు వచ్చాయి. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో మాత్రం కట్టడం కాకుండా, 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేశారు. ఖర్చు లేని పద్ధతి, కాకపోతే చుట్టూ తిరగాల్సినవాళ్లతో గొడవ ఏళ్లుగా సాగుతూనే ఉంది.

ఎక్కడ చెడుతుందంటే, కంచె లేకుండా అండర్‌పాస్ ఒక్కటే కట్టినప్పుడు. జంతువు నేరుగా రోడ్డెక్కుతుంది. కంచె ఉన్నా, అది ఆగిపోయే చోట ప్రమాదాలు గుమిగూడతాయి. కాబట్టి కంచె చివర ఏదో వంతెన దగ్గరో, నిట్టనిలువు కొండ దగ్గరో ఆగాలి. అండర్‌పాస్‌లో దీపాలు పెట్టినా, టీ కొట్టు వెలిసినా, లారీలు నీడకు ఆగినా అటు ఏ జంతువూ రాదు.

ఊరి మధ్య నుంచి

నగర రూపకల్పన పరిశోధకుడు డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను పోల్చి చూశాడు. రోజుకు 2 వేల వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు, 16 వేల వాహనాలు తిరిగే వీధిలో ఒక్కరికి కాస్త తక్కువ. వాహనాలు పెరిగితే ఎదురింటితో సంబంధం తెగిపోతుంది. ఊరిని చీల్చే నాలుగు వరుసల రోడ్డు చేసే పని ఇదే, ఇంకా పెద్ద ఎత్తున.

దాటడం లెక్క చూడండి. 14 మీటర్ల తారును సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాటడానికి దాదాపు 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 260 మీటర్లు ముందుకొస్తుంది. అంత దూరంలో ఉన్న బండి వేగం పెద్దాయనా అంచనా వేయలేడు, బడి పిల్లవాడూ వేయలేడు. మధ్యలో ఆగి నిలబడే వెడల్పాటి డివైడర్ ఉంటే ప్రతిసారీ 130 మీటర్ల వరకే చూసుకుంటే చాలు. వేగం 40కి దిగితే అది 65 మీటర్లే. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి విరుగుడుగా మెట్ల వంతెన కట్టి వదిలేయడం ఇంజినీర్లకు ఇష్టమైన పని. పైకెక్కి దాటడానికి నేల మీద దాటేదాని కన్నా సగం ఎక్కువ సమయం పడితే దాన్ని దాదాపు ఎవరూ వాడరని 1960లలోనే గమనించారు. సైకిలు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటే వాడరు. మనుషులు నేల మీదే నడవాలి, ఎక్కి దిగాల్సింది వాహనాలు.

అండర్‌పాస్ కట్టినా దాని అడుగును చుట్టుపక్కల నేల కన్నా లోతుకు దించితే అది వానాకాలంలో గుంట. రోడ్డునే కొంచెం పైకి లేపాలి. ఎత్తు రెండున్నర మీటర్లు పెట్టి కార్లకు సరిపోతుందనుకుంటారు. గడ్డి వేసుకున్న ట్రాక్టరు, 4 మీటర్లకు దగ్గరగా ఉండే వరికోత మిషన్ దాటలేవు. అప్పుడు రైతు రోడ్డు మీద అడ్డదిడ్డంగా వెళ్తాడు, లేదా డివైడర్ పగలగొడతాడు. తప్పు అతనిదని రాసుకుంటారు. ఇంకో చిన్న జాగ్రత్త: కట్ట పోసేటప్పుడే ప్రతి అరకిలోమీటరుకూ ఖాళీ గొట్టాలు అడ్డంగా పాతి ఉంచితే, రేపు తాగునీటి పైపు, పొలానికి బోరు నీరు, కేబుల్ అటునుంచి ఇటు తేవడానికి రోడ్డు తవ్వక్కర్లేదు.

పరిహారం దగ్గర లెక్కకు రానివాళ్లే ఎక్కువ నష్టపోతారు. పట్టా ఉన్నవాడికి డబ్బు వస్తుంది. కౌలుదారు, కూలి, రోడ్డు పక్క బండి పెట్టుకున్నావిడ, గుర్తింపు లేని గుడిసెలో ఉన్నవాడు జాబితాలో ఉండరు. ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీ (ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్) 2012 నుంచి అమలు చేస్తున్న ప్రమాణాల్లో, భూమి మీద హక్కు లేనివారికి కూడా కట్టడాల విలువ, పునరావాస సాయం ఇవ్వాలని ఉంది. ఇంటి పాతదనం పేరుతో విలువ తగ్గించకుండా, అలాంటిది మళ్లీ కట్టుకోవడానికి ఎంతవుతుందో అంత ఇవ్వాలని కూడా ఉంది. రోడ్డు కోసం పొలం మధ్యలోంచి కొంత పోయి, ట్రాక్టరు తిరగనంత త్రికోణం ముక్క మిగిలితే, రైతు అడిగినప్పుడు ఆ ముక్కనూ కొనాలి. సర్వే నోటీసుకూ చెల్లింపుకూ మధ్య ఏళ్లు గడిస్తే ఆ ఊళ్లో ఎవరూ ఇల్లు బాగుచేసుకోరు, బ్యాంకు అప్పివ్వదు. ఈ నష్టానికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు.

ప్రజాభిప్రాయ సభకు వెళ్లేవాళ్లు సంక్షిప్త నివేదికతో సరిపెట్టుకోకుండా కొన్ని కాగితాలు ముందే అడగాలి. వద్దనుకున్న అలైన్‌మెంట్లు ఏవి, ఎందుకు వద్దనుకున్నారో చెప్పే పోలిక పట్టిక వాటిలో మొదటిది. మూడు దారులు చూపించి, రెండు చూడగానే పనికిరావని తెలిసిపోయేలా ఉంటే పోలిక జరగనట్టే. తర్వాత చైనేజీ (రోడ్డు మొదటి నుంచి కొలిచిన దూరం) వారీగా ప్రతి తూముకూ లెక్కించిన ప్రవాహం, మట్టి తవ్వే స్థలాల జాబితా, పర్యావరణ నిర్వహణ ఖర్చుల పట్టిక. 'మా ఊరికి అన్యాయం' అన్న మాటకు జవాబు రాయడం అధికారికి తేలిక. '14.200 కిలోమీటరు దగ్గర తూము చూపించలేదు, అక్కడ ఛాతీ లోతు నీరు పారింది' అన్నదానికి అంత తేలిక కాదు.

చెట్లు

30 సెంటీమీటర్ల మందం మొదలున్న చెట్టును వేళ్లతో సహా తరలించాలంటే మొదలుకు పది రెట్లు, అంటే 3 మీటర్ల వెడల్పు మట్టిగడ్డతో లేపాలి. మీటరు లోతు అనుకున్నా అది 10 టన్నులు దాటుతుంది. ఒక మీటరు గడ్డతో క్రేన్‌కు వేలాడదీసి తీసుకెళ్లే చెట్లు రెండో వేసవి చూడవు. నాటే మొక్కల విషయంలోనూ సంఖ్య అడగడం వృథా. మూడో ఏడాది చివర బతికున్నవి ఎన్ని, చచ్చినవాటి బదులు నాటే బాధ్యత ఎవరిది, నీళ్ల ట్యాంకర్ ఖర్చు ఏ పద్దులో ఉందన్నదే అడగాల్సింది.

టెండర్లో లేనిది నేల మీద ఉండదు

నివేదికలో వంద జాగ్రత్తలు రాసినా కాంట్రాక్టరు చూసేది పని పరిమాణాల పట్టికే. దుమ్ము ఆపడానికి నీళ్లు చల్లడం, మట్టి కొట్టుకుపోకుండా అడ్డుకట్టలు, పై మట్టి దాచడం, గుంత పూడ్చడం, ఇవన్నీ 'కాంట్రాక్టరు సొంత ఖర్చు' కింద రాస్తే తక్కువకు కోట్ చేసినవాడు వాటినే మొదట ఎగ్గొడతాడు. చెడ్డవాడు కాబట్టి కాదు, మంచివాడైతే ఆ టెండరు అతనికి వచ్చేది కాదు. ఒక్కో పనినీ విడిగా కొలిచి, విడిగా చెల్లించే ఐటమ్‌గా పెట్టాలి. గుంత పూడ్చిన ఫొటో, భూమి యజమాని సంతకం ఉంటేనే ఆఖరి బిల్లు కదలాలి.

రోడ్డు అయ్యాక దాన్ని తినేది లోడు. అమెరికాలో 1958 నుంచి 1960 వరకు జరిపిన పరీక్షల్లో, ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే 20 శాతం అదనపు బరువు రెండింతల నష్టం. 15 ఏళ్లకు కట్టిన రోడ్డు ఎనిమిదో ఏటే పోతే మళ్లీ కంకర, మళ్లీ క్వారీ, మళ్లీ టిప్పర్లు. తూకం కేంద్రాన్ని పర్యావరణ చర్యగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, వెయ్యి మొక్కల కన్నా అదే ఎక్కువ కొండను కాపాడుతుంది.

తూముల సంగతీ అంతే. వానాకాలానికి ముందు ఒకసారి, పెద్ద వరద వెళ్లాక ఒకసారి పూడిక తీయాలి. మనిషి వంగి లోపలికి వెళ్లలేని గొట్టాన్ని ఎవరూ శుభ్రం చేయరు, అందుకే ఖర్చు మిగిలించుకోవడానికి 600 మిల్లీమీటర్ల గొట్టం వేయడం దండగ. లోపాల బాధ్యత కాలం ముగిశాక కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, ఇంజినీరు బదిలీ అవుతాడు. ప్రతి తూము చైనేజీ, సైజు, శుభ్రం చేయాల్సిన నెల, అది ఎవరి పనో రాసిన కాగితం అప్పగింత ఫైల్లో లేకపోతే, మూడో వానాకాలానికి తుమ్మచెట్ల మాటున ఆ తూము ఎక్కడుందో కొత్తగా వచ్చిన ఇంజినీరుకు తెలిసే దారి ఉండదు.